గాలి ఉలి - రాతి దుమ్ము

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని మన సంఘ కార్యదర్శి గారు అడిగారు. సర్వీసు జ్ఞాపకాలు ఇప్పటికే చాలా వచ్చాయి కనుక అవి వద్దని షరతు కూడా పెట్టారు. షరతు పాటిస్తాను గాని, ఒక్క ఫైలు సంగతి చెప్పకుండా ఈ చరిత్ర మొదలుపెట్టలేను. మిత్రులు మన్నించాలి.

1986లో నేను ఒక జిల్లా కార్యాలయంలో నష్టపరిహారాల సీటు చూస్తున్నాను. ఒక రాతిపనివాని భార్య పెట్టుకున్న అర్జీ నా బల్ల మీదికి వచ్చింది. ఆమె భర్త పన్నెండేళ్ళు గ్రానైటు క్వారీలోనూ, దాని పక్కనున్న షెడ్డులోనూ గాలి మిషనుతో పనిచేశాడు. నలభై ఏళ్ళు నిండకుండానే దగ్గుతూ, ఆయాసపడుతూ చనిపోయాడు. జతపరచిన డాక్టరు సర్టిఫికెట్టులో 'క్షయ' అని ఒకే ఒక్క మాట ఉంది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం మూడవ షెడ్యూలులో సిలికోసిస్ ఉండేది. రాతిపనివాడికి వచ్చిన మామూలు క్షయ ఆ జాబితాలో ఉండేది కాదు. నేను నిబంధన చూపించి, పరిహారానికి అవకాశం లేదని నోటు రాసి పైకి పంపాను. పైనుంచి ఒక పొడి అక్షరంతో తిరిగి వచ్చింది. ఎల్.డిస్. చేసి రికార్డు గదికి పంపాము. గడువు తీరాక ఆ ఫైలును చించేసి కూడా ఉంటారు.

నేను రాసిన నోటులో నిబంధనకు విరుద్ధమైనది ఏదీ లేదు. ఆ మాట ఇప్పటికీ చెప్పగలను. అయితే ఆ నోటు నిజానికి ఎంత దూరమో తెలియడానికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. అదీ సముద్రాలు దాటి, ఒక పరాయి దేశపు శ్మశానంలో తెలిసింది.

2014లో మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళాము. ఆకులు రంగు మారే రోజుల్లో వెర్మాంట్ రాష్ట్రం చూడాలని అమ్మాయి కారులో తీసుకెళ్ళింది. దారిలో బ్యారీ అనే చిన్న ఊరు వచ్చింది. "నాన్నా, ఇక్కడ హోప్ సిమెటరీ అని ఉంది, శిల్పాలు చాలా బాగుంటాయట" అన్నది. మా ఆవిడ ఒప్పుకోలేదు. "విమానమెక్కి ఇంత దూరం వచ్చి శ్మశానం చూడటమేమిటండీ" అని కారులోనే కూర్చున్నది. మేమిద్దరమే దిగాము.

1895లో మొదలైన ఆ శ్మశానంలో సమాధులన్నీ ఆ ఊరి బూడిదరంగు గ్రానైటుతో చెక్కినవే. చాలావరకు చెక్కినవాళ్ళూ, వాటి కింద ఉన్నవాళ్ళూ ఒకే పని చేసిన మనుషులు. ఎలియా కార్టీ అనే శిల్పి 1903లో ఒక సభలో జరిగిన గొడవలో తుపాకి దెబ్బ తగిలి చనిపోయాడు. అతని నిలువెత్తు విగ్రహాన్ని అతని సోదరుడూ బావమరదీ కలిసి చెక్కారు. చెంపకు చెయ్యి ఆనించి కూర్చున్నాడు. పక్కనే పనిముట్లు. కోటు బొత్తాలు, బట్ట ముడతలు కూడా తెలుస్తున్నాయి. ఇంకొంచెం దూరంలో లూయీ బ్రూసా సమాధి. ఇతడూ శిల్పే. 1937లో పోయాడు. కుర్చీలో వాలిపోతున్న మనిషిని భార్య పట్టుకుని ఉన్నట్టు చెక్కారు. మా అమ్మాయి ఫోనులో చూసి, "సిలికోసిస్ వల్ల పోయాడట నాన్నా. దుమ్ము లేకుండా చేయమని పోరాడినవాళ్ళలో ఒకడట" అని చదివింది.

ఆ మాట విన్నాక నేను మిగతా సమాధులు చూడలేదు. తిరిగి వచ్చాక మా ఆవిడ నా చేత తలస్నానం చేయించింది గాని, మనసులోంచి ఆ విగ్రహం పోలేదు. అప్పటినుంచి దొరికినంతవరకు చదువుతూ వచ్చాను. ఆ చదువు సారాంశమే ఈ వ్యాసం.

గాలిని గట్టిగా కుదించి వదిలితే అది ఇనుమును కూడా తోస్తుందని మనుషులకు చాలాకాలంగా తెలుసు. దానితో రాతిని పెద్ద ఎత్తున కొట్టడం మాత్రం ఆల్ప్స్ పర్వతాల కింద జరిగింది. ఫ్రాన్స్, ఇటలీలను కలిపే మాంట్ సెనీ రైలు సొరంగం పని 1857లో మొదలయింది. పొడవు సుమారు 13 కిలోమీటర్లు. చేతి పనితో అయితే పాతికేళ్ళకు పైగా పడుతుందని భయపడ్డారు. ఆవిరి యంత్రం లోపల పెడితే పొగకు మనుషులు ఉక్కిరిబిక్కిరి అవుతారు. జెర్మేన్ సొమ్మెయే అనే ఇంజినీరు బయట నీటి బలంతో గాలిని కుదించి, గొట్టాల ద్వారా లోపలికి పంపి, దానితో రాతికి బెజ్జాలు వేసే యంత్రాలను 1861 నుంచి నడిపించాడు. 1870 డిసెంబరులో రెండువైపుల నుంచి తవ్వుకుంటూ వచ్చినవాళ్ళు ఒకరినొకరు కలుసుకున్నారు. 1871 సెప్టెంబరులో సొరంగం తెరిచారు. సొమ్మెయే రెండు నెలల ముందే కన్నుమూశాడు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. యంత్రం నుంచి బయటికి వచ్చే గాలి సొరంగం లోపలివాళ్ళకు ఊపిరి పీల్చుకోవడానికి కూడా పనికివచ్చింది. అంటే గాలి యంత్రం పుట్టుకలో మనిషికి శత్రువు కాదు.

తరువాతి ఇరవై ముప్పై ఏళ్ళలో ఆ పెద్ద యంత్రం శిల్పి చేతిలో పట్టేంత చిన్నదయింది. పని తీరు సులభంగానే అర్థమవుతుంది. చేతికి సరిపడే ఒక ఉక్కు గొట్టం, అందులో ముందుకూ వెనక్కూ ఆడే ఒక ఇనుప ముక్క. అరంగుళం, ముప్పావు అంగుళం, అంగుళం ఇలా సైజులు ఉంటాయి. వెనుకనుంచి రబ్బరు గొట్టంలో గాలి వస్తుంది. లోపలి ముక్క నిమిషానికి కొన్ని వేల సార్లు ఉలి తల మీద కొడుతుంది. శిల్పి కుడిచేత్తో గొట్టాన్ని, ఎడమచేత్తో ఉలిని పట్టుకుని, రాతి మీద గీత గీసినట్టు నడిపిస్తాడు. సుత్తి ఎత్తనక్కరలేదు. భుజం నొప్పి లేదు. దెబ్బ చిన్నది కనుక సన్నని పనికి రాయి పగిలే భయమూ తక్కువ.

చేత్తో ఇంత సన్నని పని సాధ్యం కాదని కాదు. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి, 1213 నాటి రామప్ప గుడి మన కళ్ళ ఎదుట ఉన్నాయి. ఆ నల్లరాతిని అద్దంలా మెరిపించినవి చేతి ఉలులే. కాని దానికి రాజుల పోషణ, ఏళ్ళ తరబడి సమయం కావాలి. సమాధి రాళ్ళూ, బ్యాంకు స్తంభాలూ వేలకు వేలు అమ్ముకునే వ్యాపారానికి అంత ఓపిక ఎక్కడిది? అందుకే గాలి ఉలి వచ్చీ రావడంతోనే గ్రానైటు పని స్వరూపం మారిపోయింది.

బ్యారీకి 1875లో రైలు వచ్చింది. 1888లో కొండ మీది క్వారీల దాకా రైలు పట్టా వేశారు. 1880లో సుమారు రెండు వేల మంది ఉన్న ఊరు 1900 నాటికి ఎనిమిది వేలు దాటింది. స్కాట్లండు నుంచి గ్రానైటు పనివాళ్ళు వచ్చారు. ఇటలీ నుంచి, ముఖ్యంగా కరారా వంటి చోట్ల నుంచి పాలరాతి శిల్పులు వచ్చారు. ఊళ్ళోనే పనిముట్ల కర్మాగారాలు వెలిశాయి. 1890లో స్థాపించిన ట్రో అండ్ హోల్డెన్ అనే సంస్థ వాటిలో ఒకటి. శిల్పుల గాలి సుత్తులకు తరువాతి కాలంలో ఆ పేరు ప్రసిద్ధమయింది.

చేటు తెచ్చిపెట్టినవి రెండు మార్పులు. అవి ఒకేసారి వచ్చాయి. మొదటిది గాలి ఉలి. చేతి సుత్తి దెబ్బకు రాయి పెచ్చులుగా, ముతక పొడిగా రాలుతుంది, చాలావరకు కాళ్ళ దగ్గరే పడుతుంది. గాలి ఉలి దెబ్బకు పిండి అవుతుంది, ముఖం దగ్గరే తేలుతుంది. రెండోది షెడ్డు. పాత షెడ్లకు ఒకవైపు గోడ ఉండేది కాదు. పెద్ద పెద్ద రాళ్ళను క్రేన్లతో మోయడానికి పొడుగాటి షెడ్లు కట్టాక, వెర్మాంట్ చలికి తట్టుకోలేక తలుపులన్నీ మూసి పనిచేయడం మొదలుపెట్టారు. లోపలి దుమ్ముకు బయటికి పోయే దారి లేదు.

ఇటలీ వాళ్ళకు దుమ్ము కొత్త కాదు. తరతరాలుగా పాలరాయి చెక్కుతూ ముసలివాళ్ళు అయినవారి పిల్లలే వాళ్ళు. కాని పాలరాయి ఒక రకం సున్నపురాయి. అందులో సిలికా దాదాపు ఉండదు. గ్రానైటులో పావు వంతుకు అటూ ఇటూగా స్ఫటికం, అంటే సిలికా ఉంటుంది. తల వెంట్రుక మందంలో పదోవంతు కన్నా సన్నని సిలికా రేణువు ఊపిరితిత్తి అట్టడుగుకు చేరితే బయటికి రాదు. దాని చుట్టూ గట్టి ముడులు కడతాయి. ఇదే సిలికోసిస్. దీనికి నేటికీ మందు లేదు. పైగా అలా దెబ్బతిన్న ఊపిరితిత్తిలో క్షయ క్రిములు సులభంగా కాపురం పెడతాయి. రాతిపనివాడు చివరకు చనిపోయేది చాలాసార్లు క్షయతోనే. డాక్టరు చూసేది చివర్లో కనుక, రాసేదీ అదే.

నేను చూసిన సర్టిఫికెట్టులో ఉన్న ఒక్క మాట అదే కదా!

గాలి ఉలి చేసిన హాని ఊపిరితిత్తులకే పరిమితం కాలేదు. 1911లో ఇటలీలో లోరిగా అనే వైద్యుడు, గాలి పనిముట్లు వాడే రాతి పనివాళ్ళ వేళ్ళు చలికి తెల్లబడి మొద్దుబారుతున్నాయని రాశాడు. 1918లో ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు అమెరికాలోని ఇండియానా రాష్ట్రం బెడ్‌ఫర్డ్‌లో సున్నపురాయి చెక్కేవాళ్ళను చలికాలంలో పరీక్షించింది. ఉదయం పూట వాళ్ళ వేళ్ళు శవం వేళ్ళలా పాలిపోయి కనిపించాయి. ఉలిని పట్టి నడిపేది ఎడమచెయ్యి కనుక ఆ చేతికే ఎక్కువ. కారణం అదురు. సున్నపురాయి వాళ్ళ ఊపిరితిత్తులను విడిచిపెట్టినా, యంత్రం వేళ్ళను విడిచిపెట్టలేదు. హామిల్టన్ మరుసటి ఏడాది హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో తొలి మహిళా అధ్యాపకురాలయింది.

ఇక మన వంటి కాగితాల మనుషులు గర్వపడవలసిన భాగం ఇది. బ్యారీలో శిల్పులు నలభై, యాభై ఏళ్ళకే పోతున్నారని ఊరందరికీ తెలుసు. రాతిని నున్నచేసే పెద్ద గాలి యంత్రం మీద యూనియన్లు అభ్యంతరాలు చెబుతూనే ఉన్నాయి. అయితే ఊరందరికీ తెలియడం వేరు, రుజువు కావడం వేరు. వీళ్ళకు వచ్చింది క్షయ, అది ఇరుకు ఇళ్ళ వల్ల వస్తుంది అని ఎవరైనా అంటే కాదనడానికి ఆధారం కావాలి. ఆ ఆధారం రిజిస్టర్ల నుంచి వచ్చింది. ప్రుడెన్షియల్ బీమా సంస్థలో గణాంకాలు చూసే ఫ్రెడరిక్ హాఫ్‌మన్ అనే ఆయన మరణాల లెక్కలు వృత్తుల వారీగా విడదీశాడు. దేశంలో మామూలు జనంలో క్షయ మరణాలు ఏటేటా తగ్గుతుంటే, గ్రానైటు పనివాళ్ళలో మాత్రం పెరుగుతున్నాయి. ఊరూ గాలీ నీరూ అందరికీ ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడిది? పనిలోనిది. ఈ నివేదికను అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 1922లో ప్రచురించింది.

ఆపైన ప్రభుత్వ ప్రజారోగ్య శాఖ 1924-26 మధ్య బ్యారీ షెడ్లలో గాలిని పట్టి దుమ్మును లెక్కపెట్టింది, పనివాళ్ళను పరీక్షించింది. గాలి ఉలి పట్టేవాళ్ళు పీల్చే ఘనపు అడుగు గాలిలో సుమారు ఆరు కోట్ల రేణువులు ఉన్నాయి. అంత దుమ్ములో ఏళ్ళ తరబడి పనిచేసినవారిలో దాదాపు అందరికీ సిలికోసిస్ వస్తున్నదని 1929లో నివేదిక వచ్చింది. తరువాత ఒక కోటి రేణువులకు మించకూడదని హద్దు పెట్టుకున్నారు.

నివేదిక వచ్చినా వెంటనే ఏమీ జరగలేదు. మనకు ఆశ్చర్యం లేదు. నివేదికకూ అమలుకూ మధ్య ఎంత కాలం పడుతుందో మన సభ్యులకు ఒకరు చెప్పాలా? ఈలోగా అదే బ్యారీలో పని చేసిన లుయిజీ డెల్ బియాంకో అనే శిల్పి, దక్షిణ డకోటాలో రష్‌మోర్ కొండ మీద నలుగురు అధ్యక్షుల తలలు చెక్కే పనిలో ముఖ్య శిల్పి అయ్యాడు. 1927 నుంచి 1941 దాకా సుమారు నాలుగు వందల మంది పనిచేసిన ఆ కొండ మీద ఒక్కొక్క తల అరవై అడుగులు. నూటికి తొంభై పాళ్ళు రాతిని డైనమైటుతో తీసి, మిగిలినది గాలి యంత్రాలతో చిల్లులు వేసి, ఉలులతో ఒలిచి, గాలి సుత్తులతో నున్నచేశారు. పని జరిగిన పద్నాలుగేళ్ళలో ప్రమాదంలో ఒక్క ప్రాణం కూడా పోలేదని గొప్పగా చెబుతారు. డెల్ బియాంకో 1969లో చనిపోయాడు. ఆయన చావును దగ్గర చేసినది సిలికోసిస్. ప్రమాదాల లెక్కలో అది రాదు.

బ్యారీలో మార్పు 1937-40 మధ్య వచ్చింది. యజమానులూ, యూనియనూ, రాష్ట్ర ప్రభుత్వమూ కలిసి షెడ్లలో దుమ్మును లాగే గొట్టాలు పెట్టించాయి. ఉలి రాతిని తాకే చోటుకు దగ్గరగా గొట్టం మూతి ఉంచితే, దుమ్ము ముక్కు దాకా రాకముందే దానిలోకి పోతుంది. ఏడాదికొకసారి ఛాతీ ఎక్స్‌రేలు మొదలయ్యాయి. ఫలితం 1950లలో తేలింది. గొట్టాలు వచ్చాక పనిలో చేరినవాళ్ళ ఎక్స్‌రేల్లో సిలికోసిస్ దాదాపు కనబడలేదు. గాలి ఉలి అదే, గ్రానైటు అదే, షెడ్డు కూడా అదే. కొత్తగా వచ్చింది ఒక్క గొట్టం. లూయీ బ్రూసా చనిపోయిన ఏడాదీ, ఆ మార్పు మొదలయిన ఏడాదీ ఒకటే.

దీన్నిబట్టి నాకు అర్థమయినది ఇది. పనిముట్టు మీద నేరం మోపడం తేలిక. గాలి ఉలి మనిషి భుజానికి సుఖమిచ్చింది, సన్నని పని ఇచ్చింది, జీతమిచ్చింది. దానితోపాటు రావలసిన రెండో గొట్టం నలభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఆ నలభై ఏళ్ళ లెక్క హోప్ సిమెటరీలో ఉంది.

ఇది అమెరికా కథే అనుకుంటే పొరపాటు. రాజస్థాన్‌లో సిరోహి జిల్లా పిండ్వాడా ప్రాంతం ఆలయ శిల్పాలకు పేరుపొందింది. దేశమంతటా కట్టే గుళ్ళకు అక్కడినుంచి చెక్కిన రాళ్ళు వెళతాయి. అక్కడ గాలి ఉలి కన్నా కరెంటుతో తిరిగే కోత బిళ్ళలదే రాజ్యం. పొడి రాతి మీద ఆ బిళ్ళ తిరిగితే లేచే దుమ్ము ఇంకా ఎక్కువ. యువకులు కూడా సిలికోసిస్ బారిన పడ్డారు. రాజస్థాన్ ప్రభుత్వం 2019లో ప్రత్యేకంగా సిలికోసిస్ విధానం ప్రకటించి, జబ్బు నిర్ధారణ అయినవారికి మూడు లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో రెండు లక్షల రూపాయలు అని నిర్ణయించింది.

మన వైపు కూడా ఆళ్ళగడ్డ, దుర్గి వంటి చోట్ల శిల్పుల వీధులు ఉన్నాయి. రెండేళ్ళ కిందట మా మనవడి ఊళ్ళో గుడికి ధ్వజస్తంభం పీఠం చేయించే పనిమీద నేను ఒక శిల్పశాలకు వెళ్ళాను. ఊరు చెప్పను. పందిరి కింద కంప్రెసరు చప్పుడు, నల్ల రబ్బరు గొట్టాలు. ఇరవై ఏళ్ళ కుర్రవాడు ముఖానికి తువ్వాలు చుట్టుకుని పని చేస్తున్నాడు. కనుబొమలు తెల్లగా ఉన్నాయి. "బాబూ, ఆ తువ్వాలు సన్న దుమ్మును ఆపదు. నీళ్ళు చల్లుతూ చెక్కొచ్చు గదా" అన్నాను. "నీళ్ళు పోస్తే గీత కనబడదు తాతా" అన్నాడు నవ్వుతూ. అతని మాటలో నిజముంది. నీళ్ళు కుదరని చోట దుమ్ము లాగే గొట్టం కావాలి, దుమ్మును నిజంగా ఆపే మాస్కు కావాలి. అవి కొనవలసినది కుర్రవాడు కాదు.

మన సంఘ సభ్యులకు ఒక విన్నపంతో ముగిస్తాను. రిటైరయినా మన దగ్గరికి అర్జీలు రాయించుకోవడానికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. వచ్చినవాళ్ళు రాతిపనివాళ్ళ కుటుంబమయితే, 'వృత్తి' అన్న గడిలో 'కూలి' అని రాసి ఊరుకోకండి. ఏ రాయి, ఏ పనిముట్టు, ఎన్నేళ్ళు, షెడ్డులోనా ఆరుబయటా అన్నీ అడిగి రాయండి. సర్టిఫికెట్టులో క్షయ అని ఉంటే, పాత ఎక్స్‌రే ఉందేమో వెతికించండి, సిలికోసిస్ పరీక్షకు పంపమని అర్జీలోనే కోరండి. బ్యారీలో మనుషులను కాపాడిన గొట్టం వెనుక హాఫ్‌మన్ విడదీసిన మరణాల లెక్క ఉంది. ఆ లెక్క వెనుక ఎక్కడో ఒక గుమాస్తా చనిపోయినవాడి వృత్తిని సరిగా రాసిన గడి ఉంది.

1986లో నా ముందుకు వచ్చిన అర్జీలో ఆమె ఆ వివరాలన్నీ చెప్పింది. పన్నెండేళ్ళు, గ్రానైటు, గాలి మిషను, షెడ్డు. నేను చదివాను కూడా. కాని నోటులో సర్టిఫికెట్టు మాట ఒక్కటే ఎత్తి రాశాను. 'మృతుని పని స్వభావాన్నిబట్టి మరల వైద్య పరీక్షల రికార్డు తెప్పించవచ్చును' అని ఒక వాక్యం కలిపి ఉంటే నిబంధన నన్ను కాదనేది కాదు. ఆ వాక్యాన్ని ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. ఆమెకు పనికిరాదు. ఇంకెవరికైనా పనికివస్తుందేమోనని.